‘ఓపిక’ ఒంటిదా, మనసుదా?

పిల్లల కోసం కండరాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అలసిపోకుండా ఎక్కువసేపు పనిచేయగల శక్తికి ‘సహనశక్తి’ అని రాశాను. మొన్న అమలాపురంలో మా దొడ్లో కొబ్బరి దింపు జరిగినప్పుడు ఆ మాట మీద అనుమానం పట్టుకుంది. దింపు తీసే ఆయన వరసగా పన్నెండు చెట్లు ఎక్కి దిగాడు. బందం విప్పి గట్టు మీద కూర్చున్నాడు. ముంజేతి నరాలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. “ఇంకో నాలుగు ఎక్కే ఓపిక ఉందండీ. గెల నరికేటప్పుడే చేతిలో సత్తువ చాలడం లేదు” అన్నాడు. ఈ రెండూ వేరువేరా? ఓపిక అంటే సహనమే అయితే ఒంటికి ఎలా వచ్చింది?

రాజమహేంద్రవరం నుంచి:
అతికించిన అర్థం కాదండీ. ‘ఓపు’ అనే క్రియకు భరించడం, చేయగలగడం రెండూ అర్థాలే. కావ్యాల్లో ‘చెప్పనోపను’ అంటే చెప్పలేనని. ‘ఓపినంత’ ఇప్పటికీ అంటున్నాం. సహనం మనసుకే పరిమితం. సత్తువ ‘సత్త్వం’ నుంచి వచ్చింది, తిండికీ మట్టికీ కూడా ఉంటుంది. ఎరువు వేస్తే పొలానికి సత్తువ వస్తుంది, ఓపిక రాదు!

భీమవరం నుంచి, సైన్సు మాస్టారిని:
దింపు ఆయన మాటలో శరీరధర్మమే ఉంది. కండరం నేరుగా వాడుకునేది ఏటీపీ అనే, శక్తినిచ్చే అణువుని. ఆ నిల్వ గట్టి పనికి రెండు మూడు సెకన్లకే సరి. వెంటనే కండరంలోనే ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం దాన్ని మళ్లీ నింపుతుంది, అదీ పది సెకన్ల వరకే. ఆ పదార్థాన్ని 1927లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పినవారు మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అంతవరకు కండర శక్తికి మూలం గ్లైకోజెన్ (కండరంలో నిల్వ ఉండే చక్కెర) లాక్టిక్ ఆమ్లంగా మారడమేనని నమ్మేవారు. మా పిల్లలకు ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆయన పుట్టింది ఈ ఊళ్లోనేనని గుర్తుచేస్తాను.

గెల మీద పడే వేటు సత్తువ పని. పూటంతా సాగే పనికి ఆక్సిజన్ కావాలి. అది లేకుండా ఒక గ్లూకోజు అణువు విరిగితే మిగిలేవి రెండే ఏటీపీలు, ఉంటే ముప్పై దాకా. గ్లైకోజెన్ తరిగిపోయాక కొవ్వు మీద నింపాదిగా నడవగలం, బలంగా నరకలేం. ఇంకో మాట: మర్నాటి ఒళ్లునొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణం కాదు. గుండె దాన్నీ ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం మళ్లీ గ్లూకోజుగా మారుస్తుంది.

నరసాపురం నుంచి:
అంత కచ్చితంగా విడదీయకండి మాస్టారూ. “జ్వరం తగ్గింది గానీ ఓపిక రాలేదు” అంటుంది మా అమ్మ. అందులో సత్తువ కూడా కలిసే ఉంది.

అడిగినవారు:
నిజమేనండీ, మా ఇంట్లోనూ అలాగే అంటాం. అందుకని మొదటిసారి ‘ఒంటి ఓపిక’ అని రాసి, ఆపైన ‘ఓపిక’ అని వాడతాను. క్షణాల్లో ముగిసే పనికి ‘సత్తువ’. లాక్టిక్ ఆమ్లం పక్కన ‘మలినం’ అని రాశాను, ఇప్పుడే కొట్టేశాను.