165 హెర్ట్జ్ మానిటర్‌లో మోషన్ బ్లర్ తగ్గించే మోడ్: తెర మధ్యలో స్పష్టంగా ఉంది, పైనా కిందా రెండేసి బొమ్మలు

పాతకాపు, గుంటూరు

2003లో బ్రాడీపేటలో మా అన్నయ్యా నేనూ ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్లం. పదకొండు కంప్యూటర్లు, అన్నింటికీ 17 అంగుళాల సీఆర్‌టీ (పాతకాలపు గాజుగొట్టం) మానిటర్లే. 1024 × 768, 85 హెర్ట్జ్, అంటే తెర సెకనుకు 85 సార్లు కొత్తగా గీసుకునేది. రాత్రి తొమ్మిది దాటాక ఇంజినీరింగ్ కుర్రాళ్లు వచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడేవారు. నేను వాళ్ల వెనక నిలబడి చూసేవాణ్ణి. మౌసును ఎంత విసురుగా తిప్పినా ఆటలో గోడ మీది ఇటుకలు ఇటుకల్లాగే కనిపించేవి. ఆ స్పష్టత ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

ఇన్నేళ్లకు సొంతానికి మంచి మానిటర్ కొనుక్కున్నాను. 27 అంగుళాల ఐపీఎస్, 2560 × 1440, 165 హెర్ట్జ్. బొమ్మ కదలకుండా ఉన్నప్పుడు ఇంత అందమైన తెరను నేను చూడలేదు. పక్కకు తిరిగానా, గోడంతా తడిచేత్తో తుడిచిన సుద్దరాతలా అలుక్కుపోతోంది. పెట్టె మీద మాత్రం '1 మిల్లీసెకను' అని పెద్ద అక్షరాల్లో ఉంది.

మానిటర్ మెనూలో మోషన్ బ్లర్ (కదలికలో వచ్చే ఈ మసక) తగ్గించే మోడ్ ఉంది. మొదట అది బూడిదరంగులో ఉండి నొక్కనివ్వలేదు. ఫ్రేముల రాకను బట్టి తెర వేగాన్ని మార్చే అడాప్టివ్ సింక్ ఆపేశాక తెరుచుకుంది. మూడు స్థాయులున్నాయి, మూడోది పెట్టాను. పిక్సెళ్లను త్వరగా మార్చే ఓవర్‌డ్రైవ్ కూడా అన్నిటికంటే ఎక్కువలో ఉంచాను. డిస్‌ప్లేపోర్ట్ తీగతోనే కలిపాను, విండోస్‌లో 165 అనే చూపిస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఐదేళ్ల నాటిది. ఆటలో ఫ్రేములు (కార్డు గీసి పంపే బొమ్మలు) సెకనుకు 90 నుంచి 150 దాకా ఊగుతుంటాయి.

ఇప్పుడు జరుగుతున్నది ఇది. తెర మధ్యలో నిజంగానే పాత రోజుల స్పష్టత వచ్చింది, చూసి ఒళ్లు పులకరించింది. కానీ పై భాగంలో ప్రతి అంచుకూ పక్కన పలచని నీడబొమ్మ ఒకటి ఉంటోంది. అడుగున అది మరీ చిక్కగా ఉంది. ఒక్కోసారి తెరంతా రెండేసి బొమ్మలు కనిపిస్తాయి, కాసేపటికి అదే సర్దుకుంటుంది. తెల్లని అక్షరాలు కదిలితే వెనకాల గులాబీరంగు తోక వస్తోంది. వెలుగు బాగా తగ్గిపోయింది, బ్రైట్‌నెస్ మీట పనిచేయడం లేదు. కొన్న దుకాణంలో అడిగితే డ్రైవర్ మార్చమన్నారు. మార్చాను, తేడా లేదు. ప్యానెల్‌లోనే లోపం ఉందా? వాపసు గడువు ఇంకా ఆరు రోజులే ఉంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.


తీరికవేళ

వాపసు ఇచ్చేసి ఓలెడ్ (ప్రతి పిక్సెలూ తానే వెలిగే తెర) తీసుకోండి. అందులో పిక్సెల్ మారడానికి సమయమే పట్టదు కాబట్టి మసక ఉండదు.


నల్లరేగడి, కర్నూలు

పాతకాపు గారూ, మీ మానిటర్‌లో లోపం లేదు. మీరు రాసిన ప్రతి లక్షణానికీ కారణం ఉంది, అవన్నీ ఒకే కారణం కాదు. అందుకే ఒక్క డ్రైవర్ మార్చితే ఏదీ కుదరలేదు.

ముందుగా తీరికవేళ గారి మాట. ఓలెడ్‌లో పిక్సెల్ వేగంగా మారుతుంది, నిజమే. కానీ మనం చూసే మసకలో పెద్ద వాటా పిక్సెల్ ఆలస్యానిది కాదు. తెర ఒక ఫ్రేమును తర్వాతిది వచ్చేదాకా కదలకుండా పట్టుకుని ఉంటుంది. మన కన్ను మాత్రం ఆగదు, కదిలే వస్తువు వెంట జారుతూనే ఉంటుంది. ఆగిన బొమ్మ మీద కన్ను జారినంత మేరా రెటీనాపై అలుకు పడుతుంది. 165 హెర్ట్జ్ అంటే ఫ్రేము 6.06 మిల్లీసెకన్లు నిలుస్తుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో కదిలే బొమ్మకు అది దాదాపు ఆరు పిక్సెళ్ల మసక. 240 హెర్ట్జ్ ఓలెడ్ అయినా 4.2 మిల్లీసెకన్లు పట్టుకునే ఉంటుంది కాబట్టి నాలుగు పిక్సెళ్లు తప్పవు. సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ పుంజం తగిలిన చోట వెలుగు చటుక్కున మెరిసి ఆరిపోయేది. మీ ఇటుకలు ఇటుకల్లా ఉండటానికి కారణం ఆ ఆరిపోవడమే.

మీ ఐపీఎస్ లాంటి ఎల్‌సీడీలో దానికి నకలు, వెనకున్న దీపాన్ని ఫ్రేముకు ఒక్కసారి మాత్రమే మెరిపించడం. దీన్నే స్ట్రోబింగ్ అంటాం. పెట్టె మీది 1 మిల్లీసెకను చాలావరకు ఆ మెరుపు నిడివే అయి ఉంటుంది, పిక్సెల్ మారే వేగం కాదు. ఈ రెండింటినీ ఒకే అంకెగా అచ్చువేసి అమ్మడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఇక పైనా కిందా వచ్చే నీడబొమ్మలు. తెర మీద గీతలు పైనుంచి కిందికి వరుసగా మారతాయి. దీపం మాత్రం తెరంతటికీ ఒక్కసారే మెరుస్తుంది. మెరిసే క్షణానికి అడుగు గీతలు అప్పుడే మారడం మొదలుపెట్టి ఉంటాయి, అందుకే పాత ఫ్రేము నీడ. పై గీతలు అప్పటికే తర్వాతి ఫ్రేముకు మళ్లుతుంటాయి, అందుకే కొత్త ఫ్రేము నీడ. తయారీదారు మధ్య భాగం శుభ్రంగా ఉండేలా ముహూర్తం పెట్టి వదిలేస్తాడు. 165 హెర్ట్జ్‌లో ఈ రెండు కొసలనూ కాపాడే వ్యవధి లేదు.

వ్యవధి మనమే కల్పించాలి. రిఫ్రెష్ రేటును (ఆ హెర్ట్జ్ అంకెను) 120కి దించండి, కానీ అక్కడితో ఆగవద్దు. మామూలు 120లో గీతలు గీయడం కూడా నెమ్మదిస్తుంది కాబట్టి లాభం సగమే. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్ తెరిచి, టైమింగ్‌ను మాన్యువల్‌లో పెట్టి, నిలువు మొత్తం గీతల (వర్టికల్ టోటల్) అంకెను 2000 చేయండి. కనిపించే గీతలు 1440గానే ఉండాలి, వాటిని ముట్టుకోవద్దు. అప్పుడు 120 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేముకు దొరికే 8.33 మిల్లీసెకన్లలో ఆ 1440 గీతలు 6 మిల్లీసెకన్లలోనే గీయడం అయిపోతుంది. మిగిలిన 2.33 మిల్లీసెకన్లు పిక్సెళ్లు కుదురుకోవడానికి దొరికిన విరామం. ఇదే పని 100 హెర్ట్జ్‌లో 2400 గీతలతో చేస్తే గీయడానికి మళ్లీ అదే 6, విరామం మాత్రం 4 మిల్లీసెకన్లు. మీ తెర 165 దగ్గర మోసే వేగాన్ని ఈ రెండూ దాటవు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోతే తెర నల్లబడుతుంది. కంగారు పడకండి, పరీక్ష సమయం ముగియగానే పాత అమరికకు అదే తిరిగి వస్తుంది.

అప్పుడప్పుడు తెరంతా రెండేసి బొమ్మలు రావడం వేరే సంగతి. అది ఫ్రేముల లెక్క. దీపం 165 సార్లు మెరుస్తోంది, కార్డు 90 ఫ్రేములే ఇస్తోంది. ఒకే ఫ్రేము రెండుసార్లు మెరిస్తే కదిలే కన్నుకు అది రెండు చోట్ల కనిపిస్తుంది. మెరుపులెన్నో ఫ్రేములూ అన్నే ఉండాలి, ఒక్కటి తగ్గినా కన్ను పట్టేస్తుంది. ఆటలో నీడలు, ప్రతిబింబాలు తగ్గించి ఎప్పుడూ 120కి కిందికి పోకుండా చూడండి. ఫ్రేములను తెర వేగానికి కట్టివేసే వీ-సింక్ వేయండి. దాని వల్ల మౌసు బరువెక్కినట్లు అనిపిస్తే రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేముల హద్దును రిఫ్రెష్ రేటుకు ఒక వెంట్రుకవాసి కింద, 119.99 దగ్గర పెట్టండి.

ఓవర్‌డ్రైవ్‌ను మధ్య స్థాయికి దించండి. ఎక్కువ స్థాయి పిక్సెల్‌ను గమ్యం దాటించి వెనక్కి లాగుతుంది, స్ట్రోబింగ్‌లో ఆ పొరపాటు మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. వెలుగు గురించి: 8.33లో ఒక్క మిల్లీసెకను మాత్రమే వెలిగే దీపం మామూలు వెలుగులో ఎనిమిదో వంతే ఇవ్వగలదు. కొందరు తయారీదారులు ఆ మెరుపులో దీపానికి కరెంటు పెంచి కొంత పూడుస్తారు. రెండో స్థాయికి రండి, మెరుపు కాస్త సాగి వెలుగు పెరుగుతుంది.

గులాబీ తోకను మాత్రం వెంబడించవద్దు. రంగుల పరిధి పెంచడానికి చాలా తెరల దీపాల్లో కేఎస్‌ఎఫ్ అనే ఎర్ర ఫాస్ఫర్ (వెలుగునిచ్చే పదార్థం) వాడతారు. దీపం ఆరినా ఆ ఎరుపు కొన్ని మిల్లీసెకన్లు మిణుకుతూనే ఉంటుంది. ఏ మెనూలోనూ దానికి మందు లేదు.

మరొక్కటి. మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచాకే పరీక్షించండి. చల్లని ఎల్‌సీడీ నెమ్మదిగా మారుతుంది. బ్లర్ బస్టర్స్ వెబ్‌సైట్ వారి యూఎఫ్ఓ పరీక్షలో తెర ఎత్తు పొడవునా ఉండే బొమ్మలను చూస్తూ అంకెలు మార్చండి. ఆట ఆడుతూ మార్చితే ఏది ఏమి చేసిందో తెలియదు.


సాగరతీరం, విశాఖపట్నం

నల్లరేగడి గారు అంతా చెప్పారు. కంటి సంగతి ఒక్కటి నేను కలుపుతాను. నాకు మైగ్రేన్ ఉంది. 100 హెర్ట్జ్ స్ట్రోబింగ్‌తో ఆడినంతసేపూ హాయిగా ఉండేది, లేచాక కణతలు అదిరేవి. అది మెరుపు వల్లనే అని గుర్తించడానికి నాకు మూడు వారాలు పట్టింది. నిద్ర చాలడం లేదనుకున్నాను, కళ్లజోడు మార్పించాను. 120కి మారాక తగ్గింది కానీ పోలేదు. ఇప్పుడు ఆడే గంట మాత్రమే ఆ మోడ్ వేస్తాను, గదిలో లైటు తప్పకుండా వేసి ఉంచుతాను. లెక్కల పట్టికలు, తెల్లని పేజీలు చదివేటప్పుడు ఆపేస్తాను. తెల్లదనం ఎక్కువున్న చోట మెరుపు బాగా తెలుస్తుంది. మీకు తలనొప్పి అలవాటు ఉంటే వాపసు గడువులోపే ఈ విషయం తేల్చుకోండి.


పాతకాపు, గుంటూరు

నల్లరేగడి గారూ, సాగరతీరం గారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. రెండు రాత్రులు కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నాలాంటి వారెవరికైనా పనికి రావచ్చు.

మొదట 120, 2000 గీతలు. తెర ఒక్క క్షణం నల్లబడి వచ్చేసింది. మెనూలో చూస్తే మోషన్ బ్లర్ మోడ్ మళ్లీ బూడిదరంగులోకి వెళ్లింది! అరగంట తల బద్దలు కొట్టుకున్నాను. రిజల్యూషన్ మార్చగానే మానిటర్ తనంతట తాను అడాప్టివ్ సింక్‌ను తిరిగి వేసుకుంది. ఆపితే మోడ్ తెరుచుకుంది.

పరీక్షలో పై నీడ దాదాపు మాయమైంది. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు పట్టీలో ఇంకా ఉంది కానీ పలచబడింది. ఓవర్‌డ్రైవ్ మధ్యకు దించగానే బొమ్మల చుట్టూ ఉన్న తెల్లని మెరుపంచు పోయింది. నేను దాన్ని ఇన్నాళ్లూ నీడబొమ్మలో భాగమే అనుకున్నాను. వెలుగు రెండో స్థాయిలో సరిపోతోంది, పగలు కిటికీ తెర వేసుకోవాలి.

తర్వాత 100, 2400 గీతలు. స్పష్టతలో ఇదే మేలు, అడుగు పట్టీ కూడా రెండు వేళ్లకు తగ్గింది. నా కార్డు 100ను సునాయాసంగా నిలబెట్టింది. అయితే సాగరతీరం గారు చెప్పింది నిజం. ఎదురుగా చూస్తే ఏమీ లేదు, పక్కకు తల తిప్పితే కంటికొసన తెర వణుకుతోంది. గంటన్నర తర్వాత కళ్లు మండాయి. అప్పట్లో 85 హెర్ట్జ్ మానిటర్ల ముందు రోజుకు పద్నాలుగు గంటలు ఎలా కూర్చున్నామో! ఆట సెట్టింగుల్లో నీడలు పూర్తిగా తీసేసి 120కే వచ్చేశాను. హద్దు లేకుండా చూస్తే ఫ్రేములు 124కు తగ్గడం లేదు, ఆపైన హద్దు 119.99 పెట్టాను. తెరంతా రెండేసి బొమ్మలు అప్పటి నుంచి ఒక్కసారీ రాలేదు.

నిన్న సాయంత్రం అన్నయ్య వచ్చాడు. ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టి మౌసు చేతికిచ్చాను. రెండు నిమిషాలు గోడ ముందు అటూ ఇటూ తిప్పి, "మన నాలుగో నంబరు మానిటర్‌లా ఉందిరా" అన్నాడు. మా సెంటర్‌లో అందరూ పోటీపడి కూర్చునే మానిటర్ అది. వాపసు ఆలోచన మానుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఆ అడుగు పట్టీని ఇంకా తగ్గించవచ్చా?


నల్లరేగడి, కర్నూలు

చాలా సంతోషంగా ఉంది పాతకాపు గారూ. అడాప్టివ్ సింక్ తిరిగి వేసుకుంటుందన్న సంగతి నాకు తెలియదు, రాసి మంచిపని చేశారు.

120లోనే 2000 నుంచి ఇరవై ఇరవై గీతలు పెంచుతూ వెళ్లండి. తెర ఒప్పుకోని అంకె రాగానే దానికి నలభై వెనక్కి వచ్చి ఆగండి. పట్టీ కొద్దిగా సన్నబడుతుంది, పూర్తిగా పోదు. మెరుపు ముహూర్తాన్ని జరిపే మీట మీ మెనూలో ఉండి ఉంటే నీడను కిందినుంచి పైకి నెట్టగలిగేవారు, అప్పుడు అది మీరు చూపు నిలపని చోటికి పోయేది. మీ మానిటర్‌లో ఆ వీలు లేనట్లుంది. ఆయుధం, తూటాల లెక్క ఎలాగూ అడుగునే కదలకుండా ఉంటాయి కాబట్టి ఆ మూల నీడ మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టదు.

చివరికి కుదిరిన అంకెను ఒక కాగితం మీద రాసి మానిటర్ వెనక అంటించండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి కొత్తది వేసినప్పుడు కస్టమ్ రిజల్యూషన్ పోతుంది, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వస్తుంది.