టొలుండ్ మనిషిని చంపింది దేవత కోసమా, శిక్షగానా?

తాళపత్రం:
1950 మే నెలలో డెన్మార్క్‌లోని సిల్కెబోర్గ్ దగ్గర పొయ్యిలోకి పీట్ (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే, ఎండబెట్టి కాల్చుకునే మట్టి) తవ్వుకుంటున్న కుటుంబానికి మట్టిలో ఒక మనిషి ముఖం కనిపించింది. టొలుండ్ మనిషి అంటున్నది ఇతన్నే. నుదుటి ముడతలు, గడ్డం మీది పొట్టి వెంట్రుకలు కూడా చెక్కుచెదరలేదు. ఈ మధ్యే జరిగిన హత్య అనుకుని పోలీసులకు కబురు పెట్టారు. నిజానికి అతను పోయి దాదాపు 2,400 ఏళ్లయింది. మెడకు తోలుతో పేనిన ఉరితాడు ఉంది.

దేవతకు బలి ఇచ్చారని చాలామంది రాస్తారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఉత్తర ఐరోపాలోని జర్మానిక్ తెగలు ద్రోహులను చెట్లకు ఉరి తీస్తాయని, పిరికివాళ్లను బురదలో ముంచి పైన తడిక కప్పుతాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ కాలపు సాక్ష్యం ఉండగా దాన్ని పక్కనపెట్టి బలి అనడం ఎందుకు?

మట్టిపలక:
శిక్షే అయితే అతని కళ్లు, నోరు మూసినదెవరు? ఉరితో పోయిన మనిషి ముఖం అంత నెమ్మదిగా ఉండదు. ఎవరో రెప్పలు మూసి, మోకాళ్లు ముడిచి, నిద్రపోతున్నట్టు పక్కకు పడుకోబెట్టారు. ఆ కాలంలో అక్కడ మామూలుగా శవాలను దహనం చేసేవారు. ఇతన్ని మాత్రం పీట్ తవ్వుకున్న గుంటలోనే ఉంచారు. ఆ చలిలో, గాలి అందని ఆమ్లపు నీటిలో, స్ఫాగ్నం నాచు అతని చర్మాన్ని తోలుగా మార్చి ఇన్నాళ్లు కాపాడింది.

అక్కడివాళ్లకు ఆ చిత్తడి నేలలు ఊరికే పడి ఉన్న నేలలు కావు. కుండలు, నగలు ఎన్నో వాటికి సమర్పించారు. డెన్మార్క్‌లోని పురాతన గుండెస్ట్రుప్ వెండి పాత్ర 1891లో దొరికింది అలాంటి నేలలోనే. నేరస్థుడిని అంత విలువైన చోట అంత మెల్లగా పడుకోబెడతారా?

వానచినుకు:
తాళపత్రం గారూ, టాసిటస్ ఆ పుస్తకం రాసింది క్రీ.శ. 98 ప్రాంతంలో. టొలుండ్ మనిషి అప్పటికి దాదాపు 500 ఏళ్ల కిందటే పోయాడు. దాన్ని ఆ కాలపు సాక్ష్యం అనడం కుదరదు.

ఆ పుస్తకాన్ని నమ్ముకుని చేసిన తప్పు ఒకటుంది. తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1952లో ఉత్తర జర్మనీలోని విండెబీలో ఇలాంటి చిత్తడి నేలలోనే ఒక చిన్న దేహం దొరికింది. జుట్టు ఒకవైపు పొట్టిగా ఉంది, కళ్ల మీద గుడ్డపట్టీ ఉంది. తప్పు చేసిన భార్య జుట్టు కత్తిరిస్తారని టాసిటస్ రాశాడు కదా, ఇంకేం! పద్నాలుగేళ్ల వ్యభిచారిణి అని తేల్చేశారు. దశాబ్దాల తరువాత డీఎన్ఏ చూస్తే పదహారేళ్ల అబ్బాయి! పట్టీ తలకట్టు జారినదే కావచ్చు. చంపారనడానికి ఆధారమే లేదు. ఎముకల్లో కనిపించింది పోషణ లేని, జబ్బుపడిన బాల్యం. ఒక పుస్తకంలోని వాక్యం ఆ పిల్లవాడి పేరు మీద లేని నేరం వేసింది.

తాళపత్రం:
500 ఏళ్ల మాట ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. విండెబీ సంగతి నాకు తెలియదు. అయితే బలి అన్న మాటకూ అదే జాగ్రత్త వర్తించాలి కదా? ఇలాగే చిత్తడి నేలల్లో దొరికిన మరికొందరిని చూడండి. డెన్మార్క్‌లోని గ్రౌబల్లె మనిషి గొంతును ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోశారు. ఇంగ్లండ్‌లోని లిండో మనిషిని తల మీద కొట్టారు, మెడ బిగించారు, గొంతూ కోశారు. అన్నిటికీ ఒకే కారణం ఎలా సరిపోతుంది? టొలుండ్ మనిషి విషయంలో నన్ను వదలనిది ఆ తాడు. అంత గౌరవంగా పడుకోబెట్టినవాళ్లు దాన్ని ఎందుకు తీయలేదు?

మట్టిపలక:
అన్నిటికీ ఒకే కారణం అని నేనూ అనను. ఈ ఒక్కరి గురించే నా వాదన. మరచిపోయి వదిలేశారంటే మాత్రం నమ్మలేను. కళ్లు మూసిన చేతులకు మెడ అంత దూరంలో లేదు. ఆ తాడు కూడా ఇచ్చినదానిలో భాగమేనని నా నమ్మకం.