ఓడ ఇంజన్‌లో అమ్మోనియా: దీని మీద ఐదేళ్లు పీహెచ్‌డీ చేయొచ్చా?

కొత్తస్కాలర్:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీలో చేరి నాలుగు నెలలైంది. టాపిక్ ఓడ ఇంజన్లకు కార్బన్ తక్కువగా ఉండే ఇంధనాలు. మా గైడ్ అమ్మోనియా తీసుకోమంటున్నారు. నాకేమో మిథనాల్ మీద మనసుంది. స్టెనా జర్మానికా అనే ఫెర్రీని 2015లోనే మిథనాల్‌కి మార్చి నడిపారు. 2023లో మెర్స్క్ కంటైనర్ ఓడ కూడా నీళ్లలోకి దిగింది. అమ్మోనియా అంత దూరం రాలేదు. మా ల్యాబ్‌లో ఉన్నది ఒకే సిలిండర్ ఇంజన్, 1500 ఆర్‌పీఎం. దేని మీద పడమంటారు?

ఫ్లేమ్‌స్పీడ్:
ఓడలు తిరుగుతున్న ఇంధనం మీద నువ్వు కొత్తగా కనిపెట్టేది తక్కువ బ్రదర్. అమ్మోనియా తీసుకో. మిథనాల్‌లో కార్బన్ ఉంది, కాలిస్తే సీఓటూ వచ్చి తీరుతుంది. అది పచ్చ ఇంధనం కావాలంటే ఆ కార్బన్‌ని బయోమాస్ నుంచో గాలి నుంచో తేవాలి. అమ్మోనియాలో అసలు కార్బనే లేదు. తంటా అంతా మండించడంలోనే. దాని మంట సెకనుకి సుమారు 7 సెంటీమీటర్లు పాకుతుంది. మీథేన్ మంట దానికి ఐదు రెట్లు. థీసిస్ అక్కడుంది.

బాయిలర్‌సూట్:
ముప్పై ఏళ్లు ఇంజన్ రూమ్‌లో పనిచేసి చీఫ్ ఇంజనీర్‌గా రిటైరైనవాణ్ణి. బాబూ, "కార్బనే లేదు" అనేవాళ్లని ఒక్కటి అడుగు. అమ్మోనియాని డీజిల్ ఇంజన్‌లో అంటించాలంటే పైలట్ ఫ్యూయల్, అంటే తేలిగ్గా అంటుకునే ఇంకో ఇంధనం కొద్దిగా చల్లాలి. ఆ పైలట్ డీజిలే కదా? అందులో కార్బన్ లేదా?

ఫ్లేమ్‌స్పీడ్:
పైలట్ కొద్ది శాతమే చీఫ్‌గారూ. బయోడీజిల్ పోసుకోవచ్చు.

బాయిలర్‌సూట్:
కొద్ది శాతం అంటే ఏ లోడ్ దగ్గర, ఇంజన్ ఎంత జోరు మీద ఉన్నప్పుడు? హార్బర్‌లోకి వస్తూ డెడ్ స్లోలో ఉన్నప్పుడు ఎంత? అది రాయండి.

ఫ్లేమ్‌స్పీడ్:
లోడ్ తగ్గితే పైలట్ వాటా పెరుగుతుంది. కాదన్నానా? ఓడ ఎక్కువ రోజులు ఉండేది నడిసముద్రంలో, హార్బర్‌లో కాదు.

బాయిలర్‌సూట్:
అంటే అంకె రాయరన్నమాట.

టార్క్‌రావు:
తెరచాప కట్టుకుంటే పైలటూ వద్దు, గొడవా వద్దు 😀

లెక్కలపిచ్చి:
పైలట్ని కాసేపు వదిలేయండి సార్లూ. అసలు దొంగ అమ్మోనియా కాలేటప్పుడు పుట్టే నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కలో అది సీఓటూ కంటే 273 రెట్లు వేడి పుట్టిస్తుంది. ఓడ డీజిల్ ఇంజన్ కిలోవాట్ అవర్‌కి సుమారు 550 గ్రాముల సీఓటూ వదులుతుంది. అమ్మోనియా ఇంజన్ అదే కిలోవాట్ అవర్‌కి ఒక్క గ్రాము నైట్రస్ ఆక్సైడ్ వదిలిందనుకోండి, 273 గ్రాముల సీఓటూతో సమానం. మిగిల్చామనుకున్నదాంట్లో సగం పొగగొట్టంలో పోయినట్టే. ఒక్క గ్రాము!

ఉప్పుగాలి:
ఇవాళ దొరికే అమ్మోనియాలో ఎక్కువ భాగం సహజవాయువు నుంచి తీసిందే అన్నది కూడా కలపండి ఆ లెక్కలో. ట్యాంక్ సంగతి సరేసరి. అదే శక్తికి డీజిల్ కంటే దాదాపు మూడు రెట్ల చోటు కావాలి. మిథనాల్‌కీ రెండు రెట్లు దాటుతుంది.

బాయిలర్‌సూట్:
ఇంకోటి. ఆ కుర్రాడి ల్యాబ్ ఇంజన్ ఒక చుట్టు తిరగడానికి 40 మిల్లీసెకన్లు. మా మెయిన్ ఇంజన్‌కి 80 ఆర్‌పీఎం దగ్గర 750. మా సిలిండర్‌లో మనిషి దిగి నిలబడి లైనర్, అంటే దాని లోపలి గోడ చూసుకుంటాడు. అక్కడ మంట నడిచే తీరు వేరు.

ఫ్లేమ్‌స్పీడ్:
మీరు నా వాదనే చెబుతున్నారు. నెమ్మదిగా తిరిగే ఇంజన్ నెమ్మదిగా మండే ఇంధనానికి టైమిస్తుంది. అమ్మోనియాకి ఓడే సరైన చోటు.

బాయిలర్‌సూట్:
అయితే ల్యాబ్‌లో తీసిన అంకెలు ఓడకి ఎందుకూ పనికిరావనేగా!

ఫ్లేమ్‌స్పీడ్:
సరే, నా కథ చెప్తాను. నా పీహెచ్‌డీ ఎల్ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువుతో నడిచే ఇంజన్ల మీద. కాలకుండా తప్పించుకునే మీథేన్ నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తేలింది. డబ్బు పెట్టిన కంపెనీవాళ్లు ఆ గ్రాఫ్ చూసి, మీథేన్ అని విడిగా వేయొద్దు, మొత్తం హైడ్రోకార్బన్లు అని ఒకే గీతలో కలిపేయమన్నారు. కలిపేశాను. డిగ్రీ వచ్చింది. ఆ గీత చూసినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే అంటున్నా, ఇంధనం మార్కెట్‌లోకి రాకముందే కొలవాలి. ల్యాబ్ పనికిరాదని మీరు కొట్టిపారేస్తే చివరికి మిగిలేది కంపెనీ బ్రోచరే.

బాయిలర్‌సూట్:
మీ గ్రాఫ్‌లో మనిషి లేడండీ! నేను చేపల ఓడలో చేశాను, దాని ఫ్రీజర్ నడిచేది అమ్మోనియాతో. కంప్రెసర్ షాఫ్ట్ సీల్ పోయింది. మా ఫిట్టర్ కుర్రాడు వాల్వ్ కట్టడానికి లోపలికెళ్లాడు, చేతులు కళ్లమీద పెట్టుకుని పాక్కుంటూ బయటికొచ్చాడు. తర్వాత ఏ ఓడా ఎక్కలేదు. అదొక చిన్న రిఫ్రిజిరేషన్ ప్లాంట్. ఇప్పుడు మీరు వేల టన్నుల ట్యాంక్ పెట్టి, దాని పక్కన పడుకోమంటున్నారు. పడుకునేవాణ్ణి ఎవరైనా అడిగారా?

ఫ్లేమ్‌స్పీడ్:
ఇన్నాళ్లు హెవీ ఫ్యూయల్ కాల్చారే, అప్పుడెవరు అడిగారు? 2020 దాకా 3.5 శాతం గంధకం ఉన్న నూనె కాల్చి ఒడ్డున ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వదిలారు. మీ ఓడలో మనిషికి లెక్కుంది, ఒడ్డున ఉన్నవాడికి లేదా?

బాయిలర్‌సూట్:
ఏసీ ల్యాబ్‌లో కూర్చుని నాకు నీతులు చెప్పకండి.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంకో పోస్ట్ ఇలాగే వస్తే థ్రెడ్ మూసేస్తాను.

లెక్కలపిచ్చి:
నాకిప్పుడర్థమైంది. ఫ్లేమ్‌స్పీడ్ గారు అడుగుతున్నది పొగగొట్టంలోంచి ఏం వస్తుందని. చీఫ్‌గారు అడుగుతున్నది పైపు జాయింట్‌లోంచి ఏం వస్తుందని. రెండోదాని మీద కంబశ్చన్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ ఎవరూ ఇవ్వరు.

ఫ్లేమ్‌స్పీడ్:
అది ఒప్పుకుంటాను. పేపర్ పడదు.

కొత్తస్కాలర్:
అందరికీ థాంక్స్. అమ్మోనియాయే తీసుకుంటున్నాను. నైట్రస్ ఆక్సైడ్‌ని ప్రతి లోడ్ దగ్గరా విడిగా కొలుస్తాను, ఏ గీతలోనూ కలపను. ఇంజన్ ఆపినప్పుడు పైపుల్లో మిగిలిన అమ్మోనియాని నైట్రోజన్‌తో తోసేస్తారు కదా, అప్పుడు బయటపడేది ఎంతో కూడా కొలవనివ్వమని గైడ్‌ని అడుగుతాను. చీఫ్‌గారూ, మీరు చెప్పిన రోజు గురించి ఒక్కటి. గాలిలో కొన్ని పీపీఎం (పది లక్షల్లో కొన్ని వంతులు) ఉన్నా అమ్మోనియా వాసన తెలుస్తుందంటారు. 300 పీపీఎం దాటితేనే ప్రాణాపాయమని పుస్తకాల్లో ఉంది. మరి ఆ ఫిట్టర్‌కి ముందే ఎందుకు తెలియలేదు?

బాయిలర్‌సూట్:
వాసన ఆ కంపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఉండేదే బాబూ. సీళ్లు కొద్దికొద్దిగా కారుతూనే ఉంటాయి, ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే గ్యాస్ అలారం పెడతారు. అది ఒక్కో వాచ్‌లో, అంటే ఒక్కో డ్యూటీ షిఫ్ట్‌లో నాలుగైదుసార్లు ఊరికే మోగేది, ఎవరికీ నిద్ర ఉండేది కాదు. దాని సౌండ్ ఆపేసి ఉంచారు.

కొత్తస్కాలర్:
ఎవరు సార్?

బాయిలర్‌సూట్:
అప్పుడు నేను సెకండ్ ఇంజనీర్‌ని. నేనే.