"ఫెకిత్": చేశాడా, కట్టాడా, కట్టించాడా?

ప్రశ్న:
ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా నొవెల్లా చర్చి ముఖభాగం మీద పెద్ద అక్షరాల్లో లాటిన్ శాసనం ఉంది: "యోహానెస్ ఒరిచెల్లారియుస్ పౌ. ఫిల్. అన్. సాల్.", ఆ తర్వాత రోమన్ అంకెల్లో 1470. పొట్టి మాటలు విప్పితే "పౌలు కొడుకు యోహాను ఒరిచెల్లారియుస్, రక్షణ సంవత్సరం (అంటే క్రీ.శ.) 1470". క్రియ లేదు. తెలుగు చేసేటప్పుడు "కట్టించెను" చేర్చాలా?

జవాబు:
చేర్చకండి. క్రియ లేని వాక్యం మనకు కొత్తేమీ కాదు. పైగా దీని మూలం చూడండి. రోములో పాంథియన్ అనే పాత గుడి మీద ఇలా ఉంటుంది: "ఎం. అగ్రిప్పా ఎల్. ఎఫ్. కోస్. తెర్తియుమ్ ఫెకిత్". అంటే లూసియుస్ కొడుకు మార్కుస్ అగ్రిప్పా మూడోసారి కాన్సుల్‌గా (రోములో అత్యున్నత పదవి) ఉండగా కట్టించాడని. ముందు పేరు, తర్వాత పొట్టిగా తండ్రి పేరు, ఆపైన పదవి. మన శాసనంలోని యోహాను, అంటే జొవాన్ని రుచెల్లాయ్, ఫ్లోరెన్స్‌లో డబ్బున్న వ్యాపారి, పదవి చెప్పుకోడానికి కాన్సుల్ కాడు. ఆ చోట సంవత్సరం వేయించాడు. ఇంటిపేరును కూడా లాటిన్‌లోకి మార్చేశాడు. (ఆ ఇంటిపేరు రంగుల వ్యాపారంలోంచి వచ్చింది. ఒరిచెల్లో అంటే లైకెన్ నుంచి తీసే ఊదా రంగు. లాటిన్‌లో ఎంత దర్జాగా ఉందో!)

ఆ ముఖభాగం పూర్తి చేసింది వాస్తుశిల్పి లియొన్ బత్తిస్తా అల్బెర్తి. కింద అప్పటికే మొనదేలిన గోథిక్ తోరణాలున్నాయి. వాటిని ఉంచేసి, పైన రోమన్ గుడికి ఉండే త్రికోణం పెట్టాడు. పక్క నడవల వాలు కప్పులు కనబడకుండా అటూ ఇటూ పెద్ద చుట్టలు దిద్దాడు. శాసనం సరిగ్గా త్రికోణం కింది పట్టీలోనే ఉంది, పాంథియన్‌లో ఉన్న చోటే. అంటే స్తంభాలతో పాటు వాక్యం అల్లికా, అది ఉండాల్సిన చోటూ రోమువే.

ఇంకొకరి జవాబు:
"ఫెకిత్" అంటే మాటకు మాట "చేశాడు". అగ్రిప్పా ఇటుకలు మోయలేదు కాబట్టి తెలుగులో "కట్టించాడు" తప్ప గతి లేదు. మన "ఇంచు" ప్రత్యయం ఎంత నిజాయితీగలదో చూశారా? అసలు తమాషా ఏమిటంటే, ఇప్పుడున్న పాంథియన్ తర్వాతి చక్రవర్తి హేడ్రియన్ కాలంలో మళ్లీ కట్టింది, అగ్రిప్పా పేరు మాత్రం అలాగే ఉంచారు.

ఇటలీలోనే రిమినీ ఊళ్లోని చర్చి ఇంకా ఘోరం. అక్కడా అల్బెర్తే. ఊళ్లోని రోమన్ చక్రవర్తి అగస్టస్ తోరణం (క్రీ.పూ. 27) చూసి పాత గోథిక్ చర్చికి రాతి తొడుగు గీశాడు. ఊరి పాలకుడు సిజిస్మొందో మలతెస్తా ముందు పట్టీలో తన పేరుతో "ఫెకిత్" అనీ, 1450 అనీ చెక్కించాడు. ఆయన 1468లో పోయేనాటికి కూడా పని పూర్తి కాలేదు, అనుకున్న గుమ్మటం అసలు లేవనే లేదు. క్రియ మాత్రం భూతకాలం!

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఫ్లోరెన్స్‌ది క్రియ లేకుండానే ఉంచుతున్నాను. రిమినీదానికి "కట్టించెను" పెట్టి, కింద ఒక ఫుట్‌నోట్ వేస్తాను.