అప్‌డేట్: కార్బన్ ఫైబర్ కమాను వంపు

బిగించగానే పక్కకు వంగుతున్న నా కార్బన్ ఫైబర్ వయొలిన్ కమానును, పెర్నాంబుకో అనే బ్రెజిల్ చెట్టు చెక్కతో చేసిన కమానులా వేడిచేసి సరిచేయవచ్చా అని ఇదివరకు అడిగాను. వేడి తగలనివ్వవద్దన్న మీ సలహాయే దాన్ని కాపాడింది. చెక్క వేడికి మెత్తబడి, చల్లారాక కొత్త వంపును నిలుపుకుంటుంది. కార్బన్ పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ అనే జిగురు మాత్రం ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగదు కనుక, వేడి మితిమీరితే ఆ పట్టే దెబ్బతిని కర్ర బలహీనపడుతుంది. హైదరాబాదులోనే వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన, కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలు వదులు చేస్తే కర్ర పక్కకు వంగకుండా తిన్నగానే ఉందనీ, ఒక అంచున పొట్టిగా ఉన్న వెంట్రుకలే కొనను లాగుతున్నాయనీ చూపించారు. కొత్త వెంట్రుకలు సమంగా వేయించాక ఆ వంకర పోయింది. కర్రకు వెంట్రుకల వైపు ఉండే లోవంపు తయారీలో వచ్చినదే కాబట్టి దాన్ని మార్చే ఆలోచన మానుకున్నాను. మన ఎండాకాలపు పొడిగాలికి వెంట్రుకలు బిగుసుకుంటాయి గనుక, సాధన ముగియగానే వాటిని బిగించే మర వదులు చేస్తున్నాను.