తమ్ముడు మార్చి ఆఖర్లో టోక్యో పోతున్నాడు: మొదటి రెండు వారాల్లో ఏ పని ముందు, ఏది వెనక?

పొద్దుటూరోడు:
అన్నలూ, అక్కలూ, మా తమ్ముడు ఏప్రిల్ బ్యాచ్‌లో టోక్యోలో జపనీస్ నేర్పే స్కూల్లో చేరతాడు. సీఓఈ (వీసాకు ముందు జపాన్ ఇమిగ్రేషన్ ఇచ్చే అర్హత పత్రం), వీసా చేతికొచ్చినాయి. బెంగళూరు నుంచి నరితాకు టికెట్ కూడా తీసినాం. వయసు 21. స్కూలోళ్లు చూపించిన ఒంటి గది, అందులో ఐహెచ్ పొయ్యి (ఇండక్షన్ స్టవ్) ఉందంట. దిగినంక ముందు ఏ ఆఫీసుకు పోవాల? ఫోన్ నంబరు లేకుంటే బ్యాంకు ఖాతా ఇయ్యరంటారు, ఖాతా లేకుంటే సిమ్ ఇయ్యరంటారు. ఈ ముడి ఎట్లా విప్పేది? పాస్‌పోర్టులో వాని పేరు ఇంటిపేరుతో కలిపి నాలుగు ముక్కలు, దాంతో ఏమన్నా ఇబ్బందా? ఇంట్లో అమ్మ మిక్సీ, కుక్కరు, మటన్ ఊరగాయ సర్దుతా ఉంది. ఏవి ఆపాలో చెప్పండి.

బురుజు కాడ (కర్నూలు):
ముందు ఆ మటన్ ఊరగాయ పెట్టెలోంచి తీసెయ్యండి. మాంసం ఉడికించింది అయినా, నూనెలో ఊరేసింది అయినా, సీల్ వేసింది అయినా ఇండియా నుంచి తీసుకుపోనియ్యరు. చెప్పకుండా దాచితే చట్టంలో మూడేళ్ల దాకా జైలు, లేదా 30 లక్షల యెన్‌ల దాకా జరిమానా ఉంది. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు కూడా ఇంట్లోనే పెట్టండి, మొక్కల తనిఖీ పత్రం లేకుండా అవి దాటవు. గోంగూర ఊరగాయ, శెనిగ్గింజల పొడి, ఎర్రకారం లాంటివి పర్లేదు. మందులు డాక్టరు రాసినవైతే చీటీతో సహా నెలకు సరిపడా. అంతకు మించితే యున్యు కకునిన్‌షో అనే అనుమతి ముందే తెప్పించుకోవాల.

ఇంక వరస. విజిట్ జపాన్ వెబ్ అనే జపాన్ ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు ముందే నింపి, క్యూఆర్ కోడ్ ఫోన్లో దాచుకోమనండి. నరితాలో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే జైర్యూ కార్డు, అంటే విదేశీయులకిచ్చే నివాస గుర్తింపు కార్డు, చేతికిస్తారు. అక్కడే పార్ట్‌టైమ్ పని అనుమతి ఫారం కూడా ఇయ్యాల, రుసుము లేదు. ఫారం ఇంట్లోనే ప్రింట్ తీసి నింపి పెట్టుకుంటే మేలు. అడగకపోతే వాళ్లు గుర్తు చేస్తారని నమ్మొద్దు. అనుమతి వస్తే కార్డు వెనక కింది భాగంలో ముద్ర పడుతుంది, కౌంటర్ వదిలేలోపు తిప్పి చూసుకోవాల. అక్కడ తప్పితే తర్వాత ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోయి, వారాల తరబడి కాచుకోవాల్సి వస్తుంది.

పని వారానికి 28 గంటలే. రెండు చోట్ల చేసినా కలిపి 28. ఆ వారం సోమవారం నుంచి ఆదివారమనే కాదు, ఏ రోజు నుంచి ఏడు రోజులు లెక్కేసినా దాటకూడదు. స్కూలు ఇచ్చే పొడుగు సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. హోస్టెస్ బార్లు, పచింకో అనే జూదపు ఆటల హాళ్లలో గిన్నెలు కడిగే పని కూడా కుదరదు.

గదిలో దిగిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకు, అంటే కుయకుషోకు పోయి చిరునామా నమోదు చేయించాల. పాస్‌పోర్టు, జైర్యూ కార్డు, గది నంబరుతో సహా పూర్తి చిరునామా చాలు. మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో జపాన్ వాళ్లంతా ఇండ్లు మారే కాలం, కాబట్టి పొద్దున్నే పోయి టోకెన్ తీసుకోమనండి. ఆ పూటే ఆరోగ్య బీమాలో చేర్పించుకోవాల. ఆసుపత్రిలో 30 శాతం మనం కడతాం, మిగతాది బీమా. జపాన్‌లో కిందటేడు ఆదాయం లేనోళ్లకు నెలకు రెండు వేల యెన్‌లకు అటూ ఇటూ పడుతుంది, కానీ ఆదాయం సున్నా అని అక్కడే రాసిచ్చి రావాల. 2024 డిసెంబరు నుంచి కొత్తగా బీమా కార్డులు ఇయ్యడం ఆపేసినారు, మై నంబర్ కార్డు (మన ఆధార్ లాంటిది) లేనోళ్లకు ఒక ధ్రువపత్రం ఇస్తారు. దాన్ని పారేసుకోవద్దు.

21 ఏళ్లంటే పెన్షన్‌లో కూడా చేరినట్టే. నెలకు 17 వేల యెన్‌ల పైనే. భయపడొద్దు, కట్టలేనని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక్కడే చాలామంది తికమక పడతారు: విద్యార్థులకిచ్చే ప్రత్యేక వాయిదా అన్ని భాషా స్కూళ్లకూ వర్తించదు. వర్తించకుంటే ఆదాయం తక్కువున్నోళ్లకిచ్చే మామూలు మినహాయింపు అడగాల. రెండిట్లో ఏదో అదే కౌంటర్లో అడిగితే చెప్తారు. నోటీసులొచ్చినా పక్కన పడేసి కూర్చుంటేనే బాకీ పెరిగేది.

చిత్రావతి (అనంతపురం):
పైన రాసింది సరిగ్గా ఉంది. ఫోన్, బ్యాంకు ముడి విప్పేది చెప్తాను.

చిరునామా నమోదైనంక జైర్యూ కార్డు వెనక దాన్ని అచ్చేస్తారు. దాంతో ముందు సిమ్, తర్వాత బ్యాంకు. విమానాశ్రయంలో దొరికే డేటా సిమ్‌కు నంబరు రాదు, అది మ్యాపులకు, వాట్సాప్‌కే. మాట్లాడే సిమ్‌కు కొన్ని కంపెనీలు మన క్రెడిట్ కార్డు తీసుకుంటాయి, కొన్ని కన్వీనియన్స్ స్టోర్లో నగదు కట్టనిస్తాయి. డెబిట్ కార్డును చాలామంది తీసుకోరు, కాబట్టి నాన్న పేరు మీద కాకుండా తమ్ముని పేరు మీదే క్రెడిట్ కార్డో యాడ్-ఆన్ కార్డో బయల్దేరేముందే తీయించండి. నంబరు రాగానే పోస్టాఫీసు బ్యాంకు, యూచో. వచ్చి ఆరు నెలలు కానోళ్లను బ్యాంకులు నాన్-రెసిడెంట్ (అక్కడ నివాసం లేనోళ్ల) కింద లెక్కేస్తాయి, చాలా చోట్ల వెనక్కి పంపేది అందుకే. కొత్త విద్యార్థులకు యూచోనే దారి.

పేరు సంగతి జాగ్రత్త. జైర్యూ కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, ఇబ్బంది కతకనాలో, అంటే బయటి దేశాల పేర్లు రాసే జపనీస్ లిపిలో. 'వెంకట'ను 'వెంకత' అనీ రాయొచ్చు, 'బెంకత' అనీ రాయొచ్చు. 'రెడ్డి'లో ఒత్తు పెడితే ఒక తీరు, పెట్టకుంటే ఇంకో తీరు. బ్యాంకు పుస్తకంలో ఒక రకం, పనిచేసే చోట ఇచ్చిన కాగితంలో ఇంకో రకం ఉంటే జీతం వేసిన డబ్బు తిరిగి వాళ్లకే పోతుంది. వార్డు ఆఫీసులో మొదటిసారి రాసిన కతకన పేరును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుని, ప్రతి ఫారంలో చుక్క తేడా రాకుండా అదే రాయాల. నాలుగు ముక్కలూ, పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే.

ఇంకోటి, తలుపు దగ్గర పోస్టుడబ్బా మీద పేరు అంటించాల. పేరు లేకుంటే, గది నంబరు రాయకుంటే బ్యాంకు కార్డు, మై నంబర్ కాగితం వెనక్కి పోతాయి. మనిషి లేనప్పుడు పోస్టుమ్యాన్ ఒక చీటీ వేసి పోతాడు. అందులో ఉన్న నంబరుతో ఫోన్లోనో ఆన్‌లైన్లోనో మళ్లీ తెమ్మనొచ్చు. ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచుకుని, ఆ తర్వాత పంపినోళ్లకే తిప్పి పంపుతారు. చీటీ ప్రకటన కాగితమనుకుని చెత్తలో వేసేవాళ్లే ఎక్కువ.

మిక్సీ వద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులు, మనది 230. వేడి చేసే సామానైతే మన దగ్గర 1000 వాట్లు తీసేది అక్కడ 190 వాట్లే తీస్తుంది, నీళ్లు గోరువెచ్చనయ్యేసరికి పొద్దుపోతుంది. మిక్సీ మూలుగుతుంది, నలగదు. ఛార్జర్ మీద 100–240 అని ఉంటే దానికి భయం లేదు, రెండు చదును కాళ్ల ప్లగ్ చాలు. కుక్కరు అడుగుకు అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూడండి. అంటుకోని అల్యూమినియం కుక్కరు ఐహెచ్ పొయ్యి మీద వేడెక్కదు.

పొద్దుటూరోడు:
అక్కా, అన్నా, బాగా అర్థమయింది. కుక్కరు అయస్కాంతానికి అంటుకోలేదు, స్టీలుది కొంటాం. చేతిలో డబ్బు ఎంత పెట్టాల? వాడు సంగటి లేంది ఉండలేడు, రాగి పిండి పంపాలా?

బురుజు కాడ:
బీమా, రైలు పాసు, పరుపు, గిన్నెలు, తిండి కలిపి లక్ష నుంచి లక్షన్నర యెన్‌లు నోట్ల రూపంలో ఉంచండి. అద్దె, అడ్వాన్సు ముందే కట్టి ఉంటేనే ఈ లెక్క. ఇంకా కావాలంటే సెవెన్-ఇలెవెన్ ఏటీఎంలో ఫారెక్స్ కార్డు పనిచేస్తుంది. రాగి పిండి, కందిపప్పు మోసుకుపోవద్దు. ఒకాచిమాచి, నిషి-కసాయి, షిన్-ఒకుబో వైపు మనోళ్ల సరుకులు దొరుకుతాయి. సంగటి కట్టె మాత్రం పెట్టెలో వేయండి.

చిత్రావతి:
తిరగవాత వేసేటప్పుడు ఫ్యాన్ వేసుకోమనండి, మిగిలిన నూనె సింకులో పోయొద్దు. వంద యెన్ దుకాణంలో నూనెను గడ్డకట్టించే పొడి ఉంటుంది, వేడి నూనెలో కలిపి చల్లారినంక తీసి కాలే చెత్తలో వేయాల. చెత్త ఏ రోజు ఏదో వార్డు ఆఫీసులోనే క్యాలెండరు అడగొచ్చు, చాలా చోట్ల పొద్దున 8 లోపు పెట్టాల. కాకులు చింపకుండా వల కింద పెట్టి, వలను మళ్లీ సరిగ్గా కప్పాల.