డబ్బు కట్ అయింది, కొట్టులో సౌండ్‌బాక్స్ మోగలేదు

ప్రశ్న: కిరాణా కొట్టులో క్యూఆర్ స్కాన్ చేసి 340 పంపాను. ఖాతాలో కట్ అయింది, యాప్‌లో మాత్రం ‘పెండింగ్’. మళ్లీ కొట్టాలా?

జవాబు: ఆగండి. పెండింగ్‌లో ఉన్నది కాసేపటికి వెళ్లిపోవచ్చు, అప్పుడు రెండుసార్లు కట్టినట్టే. హిస్టరీలో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) రాసుకోండి. ఫెయిలైతే, 2019 ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం దుకాణానికి పంపినదైతే 5 రోజుల్లో, మనిషికైతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. గడువు దాటితే బ్యాంకు రోజుకు 100 చొప్పున మీకే ఇవ్వాలి, అడగకపోయినా సరే.

జవాబు: ఫిర్యాదు యాప్‌లోంచే పెట్టండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికితే దొంగలకు దొరికిపోతారు.

జవాబు: చిల్లర ఖర్చులకు యూపీఐ లైట్ (యాప్‌లోనే ముందుగా కొంత డబ్బు వేసి ఉంచుకునే పర్సు) పెట్టుకోండి, పిన్ అక్కర్లేదు. బ్యాంకు సర్వర్ మొరాయించినా చెల్లింపు వెళ్తుంది. డేటా అసలు లేకపోతే, బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి *99# డయల్ చేసి డబ్బు పంపండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే మోగింది!